అంగడి మనది, వాకిలి ఎవరిది?

వర్తకం మానవ నాగరికతతో పాటు పుట్టి, దానితో పాటే రూపాలు మార్చుకుంటూ వస్తున్నది. సంతలో గొంతెత్తి సరుకు పేరు చాటుకున్న కాలం ఒకటి. దుకాణం మీద రంగుల బోర్డు వ్రాయించుకున్న కాలం మరొకటి. పత్రికలో ప్రకటన వేయించుకున్న కాలం ఇంకొకటి. నేడు కొనదలచినవాడు ఇంటి గడప దాటకముందే అరచేతిలోని ఫోనులో వెతుకుతున్నాడు. అక్కడ కనిపించని దుకాణం అతని లెక్కలో లేనట్టే. ఈ మార్పు మంచిదా, చెడ్డదా అన్న చర్చ పండితులకు వదలివేద్దాం. మార్పు జరిగిపోయిందన్న సంగతి మాత్రం కాదనలేనిది.

ఈ పరిస్థితిలో మన పట్టణాల చిన్న వర్తకులలో రెండు అపోహలు ప్రబలి ఉన్నాయని మేము భావిస్తున్నాము. వెబ్‌సైటు నిర్మాణం కంప్యూటరు భాషలు నేర్చిన ఇంజనీర్లకు మాత్రమే సాధ్యమన్నది మొదటి అపోహ. నాలుగు డబ్బులు ఎవరి చేతిలోనైనా పెడితే అన్నీ వాటంతట అవే సమకూరుతాయన్నది రెండవది. మొదటిది మనిషిని పిరికివాణ్ణి చేస్తుంది. రెండవది సోమరిని చేస్తుంది. మా అభిప్రాయం ఇది: ప్రోగ్రామింగు రాకపోవడం నేడు పెద్ద అడ్డంకి కాదు. తన సరుకును గురించి తాను నాలుగు మాటలు స్పష్టంగా చెప్పలేకపోవడం, తన అంగడి పేరును తన గుప్పిట్లో ఉంచుకోలేకపోవడం - ఈ రెండే అసలైన అడ్డంకులు. వీటిని తొలగించే పని కళాశాల విద్యార్థులమైన మన చేతులలో ఉన్నది.

మొదటి అపోహకు ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ, శాస్త్రజ్ఞులు తమలో తాము సమాచారాన్ని పంచుకోవడానికి ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. నేడు మనం వెబ్ అంటున్నది దానినే. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ పద్ధతిని ఎటువంటి రుసుమూ కోరకుండా లోకానికి ధారపోసింది. ఆ దానమే లేకపోతే ఈనాడు చిన్న వర్తకునికి అంతర్జాలంలో చోటు దొరికేది కాదేమో! అయితే ఆ తొలి రోజులలో ఒక్క పుట నిలబెట్టాలన్నా హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులన్నీ చేత్తో వ్రాసుకోవలసి వచ్చేది. ఒక్క గుర్తు తప్పినా పుట అంతా చిందరవందర అయ్యేది.

క్రమంగా ఈ కష్టం తొలగిపోయింది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, వ్రాయడం తెలిసిన ప్రతివానికీ ప్రచురించే శక్తినిచ్చింది. అది ఉచితం, ఎవరైనా తీసుకొని తమకు తగినట్లు మలచుకోవచ్చు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదనే నడుస్తున్నాయని లెక్కలు చెబుతున్నాయి. 2006లో ఇజ్రాయెల్‌లో విక్స్, కెనడాలో షాపిఫై మొదలయ్యాయి. వీటిలో తయారుగా ఉన్న నమూనాను ఎంచుకొని, బొమ్మను ఇక్కడ, మాటను అక్కడ అమర్చుకుంటే పుట సిద్ధమవుతుంది. ఇటీవల కృత్రిమ మేధ సాధనాలు వచ్చిన తరువాత, మనకు కావలసినదేమిటో మాటలలో చెబితే చాలు, ముసాయిదా పుటను అవే తయారు చేసి చూపుతున్నాయి.

ఛత్తా బజారులో శుభలేఖ అచ్చు వేయించుకునే పెళ్ళిపెద్ద అక్షరాలు పోతపోయడం నేర్చుకొని రావడం లేదు. వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక - ఇవి తప్పులేకుండా వ్రాసి ఇవ్వగలిగితే చాలు. కాని ఆ వివరాలు ఇవ్వవలసింది మాత్రం అతడే. ముద్రాపకుడు ఎంత నిపుణుడైనా పెళ్ళికూతురి పేరు ఊహించి వేయలేడు. వెబ్‌సైటు విషయంలోనూ న్యాయం ఇదే.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. చార్మినారు పక్కన లాడ్ బజారులో లక్క గాజులు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉన్నదనుకుందాం. ఈ గాజులు హైదరాబాదుకు ఎంతటి సొంతమో అందరికీ తెలుసు. లక్కను వేడిమికి మెత్తబరచి, గుండ్రంగా చుట్టి, అది చల్లారకముందే రంగురాళ్ళు ఒక్కొక్కటిగా పొదగడం ఎన్నో కుటుంబాలకు జీవనాధారమైన విద్య. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గల్ఫు దేశాలలోనో, అమెరికాలోనో స్థిరపడిన మన ఆడపడుచు తన ఇంట పెళ్ళికి ఈ గాజులే కావాలనుకుంటుంది. కాని ఆమెకు దుకాణం ఎదుట నిలబడి చేయి చాపే అవకాశం లేదు. ఆమెకూ ఆ దుకాణదారుకూ మధ్య ఉన్న వారధి వెబ్‌సైటు.

ఇప్పుడు కొలతల సంగతి చూడండి. మన గాజుల వ్యాపారంలో 2.4 అనే కొలతకు అర్థం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. అనగా లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే సుమారు 60 మిల్లీమీటర్లు. 2.8 అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. ఈ మర్మం తెలియనివారు 2.4ను దశాంశ సంఖ్యగా చదువుతారు. దశాంశ లెక్కలో 2.4 అంగుళాలంటే దాదాపు 61 మిల్లీమీటర్లు. తన పాత గాజును స్కేలుతో కొలిచి అదే సంఖ్య చూసుకొని తెప్పించుకున్న వారికి ఒక సైజు చిన్నవి అందుతాయి; అవి చేతికి ఎక్కవు. సరుకు తిరిగి వస్తుంది, తపాలా ఖర్చు దండుగ, ఇరుపక్షాలకూ మనస్తాపం. ఇంజనీరింగు పట్టభద్రుడు ఎంత అందమైన పుట నిర్మించినా, ఈ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? ముప్పై ఏళ్ళుగా ఆ గద్దె మీద కూర్చొని, చేయి చూడగానే సైజు చెప్పగల దుకాణదారే చెప్పాలి. కొలతలను మిల్లీమీటర్లలో ఇచ్చిన ఒక్క చిన్న పట్టిక, రంగురంగుల కదిలే బొమ్మలు పది పెట్టినదానికంటె ఎక్కువ మేలు చేస్తుంది.

అట్లే లక్క వేడికి మెత్తబడుతుందని, కనుక ఎండలోనూ పొయ్యి దగ్గరా ఉంచరాదని అతడే హెచ్చరించాలి. ఫోటోలు కూడా గొప్ప కెమెరాతో తీయనక్కరలేదు. పగటి వేళ కిటికీ దగ్గర మెత్తని వెలుతురులో, తెల్లని గుడ్డ మీద పెట్టి ఒకటి, చేతికి తొడిగి ఒకటి తీస్తే చాలు. అయితే ఫోనుతో తీసిన బొమ్మ ఒక్కొక్కటి అనేక మెగాబైట్లు ఉంటుంది. వాటిని అట్లే ఎక్కిస్తే పుట తెరుచుకునేలోగా చూసేవారికి విసుగు పుడుతుంది. కొన్ని వందల కిలోబైట్లకు కుదించి పెట్టడం మర్యాద. మొత్తం మీద ఐదు పుటలు చాలు: మేమెవరము, మా సరుకులు వాటి ధరలు, కొలతల పట్టిక, తెప్పించుకునే విధానం, చిరునామా. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకు ఉదాహరణలుగా నిలిచే ఆడంబరపు పుటలు అంతర్జాలంలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

ఇక రెండవ విషయం మొదటిదానికంటె గంభీరమైనది. అది యాజమాన్యం. నేడు అనేకమంది చిన్న వర్తకులు, వాట్సాప్ ఉన్నది, ఫేస్‌బుక్ ఉన్నది, ఇన్‌స్టాగ్రామ్ ఉన్నది, మరొక వెబ్‌సైటు దేనికి అని ప్రశ్నిస్తున్నారు. ప్రశ్న సమంజసమైనదే. అవి ఉపయోగకరం కావని మేము అనడం లేదు. బేరసారాలకు వాట్సాప్ ఎంతో అనువైనది. కాని అవన్నీ పరుల స్థలంలో వేసుకున్న బండ్లు. స్థలం యజమాని లేవమన్నప్పుడు లేవవలసిందే. చరిత్రను చూడండి. 1994లో మొదలై లక్షలాది సామాన్యులకు ఉచితంగా పుటలిచ్చిన జియోసిటీస్‌ను 1999లో యాహూ కొన్నది; 2009లో మూసివేసింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు ఎట్లున్నా, దానినే నమ్ముకొని గిరాకీ పెంచుకున్నవారు ఒక్క రాత్రిలో తమ ఖాతాదారులను పోగొట్టుకున్నారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా స్తంభించాయి. చిన్న వ్యాపారులకు గూగుల్ ఉచితంగా కట్టి ఇచ్చిన వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో నిలిపివేసింది. ఇవన్నీ పెద్ద సంస్థలే. పెద్దవి కావడం వలన శాశ్వతమైనవి కాలేదు.

అందుచేత వర్తకునికి తన సొంతమైన పేరు ఒకటి ఉండాలి. డొమైన్ అనబడే ఈ పేరుకు ఏటా అయ్యే ఖర్చు సాధారణంగా వెయ్యి రూపాయలకు కాస్త అటో ఇటో ఉంటుంది. డాట్ ఇన్ అనే భారతీయ పేర్లు 2005 నుండి సామాన్యులందరికీ అందుబాటులోకి వచ్చాయి. పేరు మనదైతే, రేపు ఒక సంస్థ మూతపడినా మరొక సంస్థకు మారవచ్చు. ఖాతాదారుకు తెలిసిన చిరునామా మారదు. దుకాణం అద్దె ఇంటిలో ఉన్నా బోర్డు మనదే కదా! బోర్డును భుజాన వేసుకొని ఎక్కడికైనా వెళ్ళవచ్చు.

ఇక్కడే తరచుగా ఒక మోసం జరుగుతున్నది. వర్తకునికి తెలియదని గ్రహించిన మధ్యవర్తి ఆ పేరును తన ఖాతాలో, తన ఈ-మెయిలుతో నమోదు చేస్తాడు. మొదటి సంవత్సరం చౌకగా ఇస్తాడు. రెండవ ఏట ఇష్టం వచ్చినంత అడుగుతాడు. ఇవ్వకపోతే పేరు రాదు. పేరు పోతే అచ్చు వేయించిన కార్డులు, సంచులు, బోర్డు అన్నీ వృథా. కొందరు మధ్యవర్తులు దుర్బుద్ధితో కాక అలసత్వంతోనే ఇట్లు చేస్తారు. ఫలితం మాత్రం ఒకటే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు ఎవరిచేత కట్టించినా దస్తావేజు యజమాని పేరిటే వ్రాయించుకోవడం మనవారికి తెలిసిన సంగతే. డొమైన్ కూడా ఒక దస్తావేజు. అది దుకాణదారు పేరిట, దుకాణదారు ఈ-మెయిలుతో, దుకాణదారు ఫోను నంబరుతో ఉండాలి. పాస్‌వర్డు అతని ఇనప్పెట్టెలో ఉండాలి. గడువు తేదీ అతని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టి ఉండాలి. దీనికి ప్రోగ్రామింగు అవసరం లేదు, జాగరూకత అవసరం.

మూడవది భాష. ఉర్దూ, తెలుగు భాషలను రెండు కళ్ళుగా భావించే మన కళాశాల పత్రికలో ఈ విషయం చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. మన వీధులలో బేరాలన్నీ ఈ రెండు భాషలలోనే సాగుతాయి. కాని ఆ దుకాణాల వెబ్‌సైట్లు తెరిస్తే ఇంగ్లీషు తప్ప మరొకటి కనిపించదు. తెలుగులో పెడితే అక్షరాలు చెదిరిపోతాయని, ఉర్దూ అయితే అసలే కుదరదని చాలామంది భ్రమ. ఈ భ్రమకు ఒక కారణం ఉన్నది. మన డి.టి.పి. కేంద్రాలలో తెలుగుకు అను అక్షరాలు, ఉర్దూకు ఇన్‌పేజ్ దీర్ఘకాలంగా వాడుకలో ఉన్నాయి. అచ్చుపనికి అవి ఎంతో సేవ చేశాయి. అయితే అను అక్షరాలతో కొట్టిన తెలుగునూ, పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూనూ తీసి అట్లే వెబ్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ఎందుకనగా వెబ్ అర్థం చేసుకునే సంకేతం యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు లిపికి, ఉర్దూకు మూలమైన అరబ్బీ లిపికి స్థానం ఉన్నది. కనుక పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. లేదా ఫోనులోని తెలుగు, ఉర్దూ కీబోర్డులతో మొదటే యూనికోడ్‌లో వ్రాసుకోవాలి.

ఉర్దూ విషయంలో మరి రెండు మాటలు. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడిచే భాష కాబట్టి పుట అమరికలో ఆ దిశను ఎంపిక చేయాలి. నేటి సాధనాలలో చాలావాటికి ఈ సదుపాయం ఉన్నది. ఉర్దూ పాఠకుని కంటికి నస్తాలీఖ్ రాత ఇంపుగా ఉంటుంది. కాతిబుల చేతి అందాన్ని 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరులోకి తెచ్చింది. నేడు నోటో నస్తాలీఖ్ వంటి అక్షరరూపాలు ఉచితంగా లభిస్తున్నాయి. తెలుగుకు మండలి, రామభద్ర వంటివి ఉచితంగానే ఉన్నాయి. నస్తాలీఖ్ అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి కనుక వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఇవ్వాలి. డాట్ ఇన్‌కు బదులు డాట్ భారత్ అనే ముగింపుతో తెలుగు లిపిలోనూ, ఉర్దూ లిపిలోనూ కూడా పేర్లు తీసుకునే వీలున్నది. ఇన్ని సౌకర్యాలుండి మన భాషలు వ్యాపార పుటలలో కనిపించకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. మన అలసత్వమే కారణం. భాష సభావేదిక మీదనే కాదు, రసీదు మీద కూడా బ్రతకాలి. బజారులో చెల్లని భాష ముషాయిరాలో, అవధానంలో ఎంత వెలిగినా క్రమంగా పూజాద్రవ్యంగా మిగిలిపోతుంది.

నాలుగవది నిజాయితీ. పుట తెరచి సరుకు అమ్మేవారికి దేశంలో చట్టం ఉన్నది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, వర్తకుని అసలు పేరు, చిరునామా, సంప్రదించే మార్గం, అన్ని ఖర్చులూ కలిపిన మొత్తం ధర, సరుకు వాపసు తీసుకునే షరతులు స్పష్టంగా చూపవలెనని కోరుతున్నాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలని కూడా నిర్దేశిస్తున్నాయి. మంచి వర్తకునికి ఇందులో కొత్త ఏమీ లేదు. తూకంలో కల్తీ చేయరాదన్న నీతినే చట్టం మరొక భాషలో చెబుతున్నది. పరుల ఫోటోలు దొంగిలించి మన సరుకుగా చూపడం, ఎవరూ వ్రాయని ప్రశంసలు మనమే వ్రాసుకోవడం - ఇవి తప్పుడు తూనికరాళ్ళతో సమానం. డబ్బు విషయంలో కూడా, ఖాతాదారుల కార్డు నంబర్లు మన దగ్గర నిలువ చేసుకునే పనికి పూనుకోరాదు. 2016లో వచ్చిన యు.పి.ఐ. ద్వారానో, గుర్తింపు పొందిన చెల్లింపు సంస్థల ద్వారానో పుచ్చుకోవడం క్షేమం.

కొందరు మిత్రులు మాతో వాదించారు: ఇట్లు అందరూ స్వయంగా చేసుకుంటే ప్రోగ్రామింగు చదివిన మన సోదరుల గతి ఏమిటని. ఈ భయం నిరాధారమని మా నమ్మకం. ఐదు పుటల గాజుల దుకాణానికి ఇంజనీరు అవసరం లేదు. కాని వేల రకాల సరుకు, పలు గోదాముల లెక్క, అనేక శాఖల జమాఖర్చు ఉన్న సంస్థకు తప్పక అవసరం. తయారు నమూనాలకు హద్దులున్నాయి. ఆ హద్దు దాటిన రోజున నిపుణుని పిలిచి, తగిన ప్రతిఫలం ఇచ్చి పని చేయించుకోవాలి. చిన్నగా స్వయంగా మొదలుపెట్టినవానికే ఆ నిపుణునితో ఏమి అడగాలో తెలుస్తుంది. ఏమీ తెలియనివానికి ఎవరైనా అరచేతిలో వైకుంఠం చూపగలరు.

కావున మా ప్రతిపాదన ఇది. మన కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదివేవారున్నారు, సైన్సు చదివేవారున్నారు, ఉర్దూ, తెలుగు సాహిత్యాలు చదివేవారున్నారు. రానున్న వేసవి సెలవులలో నలుగురైదుగురు ఒక బృందంగా ఏర్పడి, ఒక్కొక్క బృందం తమ వీధిలోని ఒక చిన్న దుకాణాన్ని ఎంచుకోవాలి. గాజుల దుకాణం కావచ్చు, అత్తరు దుకాణం కావచ్చు, జర్దోజీ మగ్గం కావచ్చు, ఇంటిలో ఊరగాయలు పెట్టి అమ్మే తల్లి కావచ్చు. వాణిజ్య విద్యార్థి ధరలు, షరతులు వ్రాయాలి. సైన్సు విద్యార్థి పుటలు అమర్చాలి. సాహిత్య విద్యార్థులు రెండు భాషలలో మాటలు కూర్చాలి. దుకాణదారు చెప్పినది ముందు వినాలి; తరువాతనే కంప్యూటరు ముట్టుకోవాలి. పని ముగిసిన రోజున పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద వ్రాసి యజమానికి అప్పగించి, పుట ఎట్లు సవరించాలో అతని చేతనో, అతని కుమార్తె చేతనో ఒకసారి చేయించి రావాలి. తాళం చెవులు మన జేబులో మిగిలితే ఆ సేవ సేవ కాదు. కంప్యూటరు ప్రయోగశాలను ఆ నెలలో సాయంత్రం వేళ తెరచి ఉంచవలసిందిగా కళాశాల యాజమాన్యాన్ని వినయపూర్వకంగా అర్థిస్తున్నాము.

సోదర విద్యార్థులారా! ఉద్యోగం దొరకలేదని వాపోయే మన తరం, ఉద్యోగాలిచ్చే చిన్న వృత్తులు మన కళ్ళ ఎదుటే మూతపడుతుంటే చూస్తూ ఊరుకోవడం తగదు. గాజు పొదిగే వేళ్ళకు పని ఉన్నంతకాలమే ఆ విద్య బ్రతుకుతుంది. భౌగోళిక గుర్తింపు పత్రం గోడకు వ్రేలాడితే సరిపోదు. గిరాకీ గుమ్మంలోకి రావాలి. ఆ గుమ్మం నేడు అంతర్జాలంలో ఉన్నది. దానిని నిలబెట్టడానికి కావలసిన సాధనాలు చౌకగా, మన భాషలలో, మన చేతికందే దూరంలో ఉన్నాయి. మనం చదివిన చదువు మన వీధికి ఈ మాత్రమైనా ఉపయోగపడాలని మా ఆకాంక్ష.